ఇచ్ఛాపురం నుంచి అంతర్వేది దాకా సైకిళ్ళ మీద: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు రెండో వారం – దారి గీయడం

పటంలో చూస్తే ఇచ్ఛాపురం నుంచి కాకినాడ దాకా తీరం తాడు లాగి పట్టినట్టు ఉంటుంది. సముద్రాన్ని ఎడమచేతికి పెట్టుకుని తొక్కుకుంటూ పోవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరదు. ఈ తీరాన్ని ఏర్లు అడుగడుగునా కోసేశాయి. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, శారద, వరాహ, తాండవ, ఆ తర్వాత గోదావరి పాయలు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వంతెన ఉండదు, వంతెన ఎప్పుడూ లోపలెక్కడో ఉంటుంది. మొగ దగ్గర నీళ్ళు మోకాళ్ళ లోతే కనబడ్డా దిగకూడదు. ఇసుక మేటలు పోటుకోసారి చోటు మారతాయి, పాటు తీసేటప్పుడు లాగుడు సముద్రం వైపు ఉంటుంది.

అందుకని దారిని బీచ్‌ల వెంట గీయడం మానేసి వంతెనల వెంట గీశాం. వంశధారకు మడపాం, నాగావళికి శ్రీకాకుళం ఊళ్ళో వంతెన, చంపావతికి నాతవలస, గోస్తనికి తగరపువలస, శారద, వరాహలకు ఎలమంచిలి వైపు దారి, తాండవకు పాయకరావుపేట–తుని, గోదావరి పాయల్లో గౌతమికి యానాం–ఎదుర్లంక, వైనతేయకు బోడసకుర్రు. వశిష్ఠకు మాత్రం సఖినేటిపల్లి–నర్సాపురం పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే బల్లకట్టు. ఇవన్నీ ముందు పటంలో చుక్కలు పెట్టుకుని, రెండు చుక్కల మధ్య సముద్రం దాకా ఎంత దిగి మళ్ళీ ఎంత పైకి రావాలో లెక్క వేయాలి. ఏ రోజు ఎంత తొక్కాలన్నది ఈ లెక్కే చెబుతుంది. అలా వచ్చింది 650 కి.మీ. అటూ ఇటూ, 12 రోజులు.

ఉత్తరం నుంచి దక్షిణానికే ఎందుకంటే గాలి. డిసెంబరులో ఇక్కడ ఈశాన్యం గాలి నడుస్తుంది. తీరం కూడా ఈశాన్యం నుంచి నైరుతికే వాలి ఉంటుంది కాబట్టి అది వీపు మీద తోస్తుంది. ఎండాకాలం దగ్గరపడే కొద్దీ గాలి దక్షిణం నుంచి రావడం మొదలవుతుంది, అప్పుడు ఇదే దారిలో అదే గాలి గుండెకు కొడుతుంది. బరువున్న సైకిల్ మీద ఎదురుగాలి అంటే మెట్ట ఎక్కుతున్నట్టే, పైగా ఆ మెట్టకు దిగుడు ఉండదు.

అక్టోబరు, నవంబరుల్లో ఎందుకు కాదంటే తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. డిసెంబరు మొదట్లో కూడా బంగాళాఖాతాన్ని నమ్మడానికి లేదు. మూడో వారంలో బయల్దేరి సంక్రాంతి రద్దీకి ముందే తిరుగు రైలు ఎక్కేలా తారీఖులు పెట్టాం. ఓడరేవుల్లో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే ఆ రాత్రి టెంటు ఒడ్డున వేయకూడదు, ఇది ముందే అనుకున్న నియమం.

అక్టోబరు నాలుగో వారం – సైకిలు

రెండు సైకిళ్ళు, రెండూ ఉక్కు ఫ్రేములు. అల్యూమినియం తేలికే కానీ ఫ్రేముకు క్యారేజీ బిగించే కన్ను విరిగితే దారిలో అతకలేం. ఉక్కయితే వెల్డింగ్ షాపు లేని మండల కేంద్రం ఉండదు. టైర్లు 40 మి.మీ. వెడల్పు. 32 అయితే తారు మీద బాగానే పోతుంది, సరుగుడు తోటల్లో ఇసుక బాట రాగానే కత్తిలా దిగబడుతుంది. గాలి వెనక 55, ముందు 45 పీఎస్ఐ. మెత్తటి బాటలో 30 దాకా దించి, తారు ఎక్కగానే మళ్ళీ కొట్టుకోవాలి. దించిన గాలితోనే తారు మీద గుంటలో పడితే రిమ్ము అంచు ట్యూబును నొక్కి పక్కపక్కన రెండు చిల్లులు పెడుతుంది. పాము కాటులా జంట గాట్లు కనిపిస్తే ముల్లు కోసం వెతకక్కర్లేదు, తప్పు గాలిది.

ట్యూబు వాల్వు సంగతి చాలామంది పట్టించుకోరు. సన్నటి పొడుగు వాల్వున్న ట్యూబులకు పల్లెల్లో గాలి కొట్టే పంపు దొరకదు. మోటార్‌సైకిల్ ట్యూబుకు ఉండే లావు వాల్వయితే ఏ పంక్చర్ షాపులోనైనా పది నిమిషాల పని. రిమ్ము రంధ్రం అందుకు సరిపోతే ఆ రకమే వేసుకోవాలి, సరిపోకపోతే ఇత్తడి అడాప్టర్లు రెండు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి పోవడం ఖాయం.

గేర్లు ముందు 28/38/48, వెనక 14–34. ఘాట్ రోడ్లేమీ లేని తీరంలో 28 పళ్ళు ఎందుకని అడుగుతారు. భీమిలి–విశాఖ బీచ్ రోడ్డులో కొండ భుజాల మీదుగా ఎక్కే చోట్ల, 16 కిలోల సామానుతో, మధ్యాహ్నం రెండింటికి, అవే కావాలి.

నవంబరు మొదటి వారం – వెనక చక్రం

ఎక్కువ రోజులు పట్టింది దీనికే, పట్టాలి కూడా. సామాను టూర్లలో మధ్యలో ఆగిపోవడానికి పంక్చర్ల కంటే పెద్ద కారణం వెనక చక్రం స్పోకులు తెగడం.

స్పోకు ఎక్కడ తెగుతుందో చూస్తే ఎందుకు తెగుతుందో తెలుస్తుంది. చిరుతిళ్ళ డబ్బాలో పోగేసిన పాత స్పోకులు తొమ్మిది తీసి చూశాం. ఎనిమిది హబ్బు దగ్గర వంపులోనే తెగాయి. రెండో కొసన, స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ మర దగ్గర తెగింది ఒక్కటే. తెగిన ముక్క అంచును భూతద్దంతో చూస్తే సగం నునుపుగా, ముదురు రంగులో ఉంటుంది, మిగతా సగం గరుకుగా, కొత్తగా మెరుస్తూ ఉంటుంది. నునుపు భాగం చాలా రోజులుగా కొంచెం కొంచెం చీలుతూ వచ్చింది, గరుకు భాగం చివరి గుంటలో ఒక్కసారిగా పుటుక్కుమంది. అంటే బరువు ఎక్కువై తెగలేదు, లాగుతూ వదులుతూ అలసిపోయి తెగింది. చక్రం తిరిగినప్పుడల్లా కింది వైపు వచ్చిన స్పోకులో బిగువు తగ్గుతుంది, పైకి పోగానే మళ్ళీ వస్తుంది. అసలే వదులుగా కట్టిన చక్రమైతే కిందికి వచ్చిన స్పోకు పూర్తిగా సడలి వంపు దగ్గర కదులుతుంది. ఆ కదలికే దాన్ని చంపుతుంది. కాబట్టి బరువు మోసే చక్రం గట్టిగా, అన్ని స్పోకులూ ఒకే బిగువులో ఉండాలి.

చేసిన పని ఇదీ. 36 రంధ్రాల రిమ్ము, కొత్త స్పోకులు, నిపుల్ మరల్లో చుక్క చుక్క నూనె. ఫ్రీవీల్ (వెనక పళ్ళచక్రాల కట్ట) వైపు స్పోకులు నిటారుగా నిలబడతాయి కాబట్టి వాటి బిగువు ఎక్కువ, రెండో వైపువి తక్కువ. అది సహజమే. చూడాల్సింది ఒకే వైపు స్పోకుల మధ్య తేడా. గోటితో మీటుకుంటూ చుట్టూ తిరిగితే ఒక వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతిలో మోగాలి. మొద్దుగా మోగింది వదులు. బెండు తీసేటప్పుడు నిపుల్‌ను ఒక్కసారి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. తీశాక జతజతగా స్పోకులను రెండు చేతులతో గట్టిగా పిసికితే వంపులు హబ్బులో కుదురుకుంటాయి, కిటకిట చప్పుడు వస్తుంది. మళ్ళీ బెండు చూసుకోవాలి. చప్పుడు రాని దాకా ఇదే. తర్వాత 60 కి.మీ. సామానుతో తొక్కి మళ్ళీ ఒకసారి. ఈ చివరి సారి ఎవరూ చేయరు, చక్రం చెడేది అందుకే.

దారి కోసం విడి స్పోకులు: ఫ్రీవీల్ వైపు కొలతవి నాలుగు, రెండో వైపువి రెండు, ముందు చక్రానివి రెండు. సీటు గొట్టంలో దూర్చి గుడ్డ కుక్కాలి. ఫ్రీవీల్ వైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీల్ ఊడదీయాల్సిందే, అందుకు సరిగ్గా ఆ ఫ్రీవీల్ గాళ్ళకు సరిపోయే పాన కావాలి. పాన అరచేతిలో పడుతుంది. దాన్ని తిప్పడానికి పెద్ద రెంచీ ఏ మెకానిక్ షెడ్డులోనైనా ఉంటుంది, మోయక్కర్లేదు.

నవంబరు మూడో వారం – క్యారేజీ, సంచులు, బరువు

మొదటి బరువు పరీక్షలో 40 కి.మీ. దగ్గర క్యారేజీ కింది బోల్టు ఒకటి తల దగ్గర తెగింది. ఎం5 (5 మి.మీ. లావు) బోల్టు, 12 కిలోల సామాను. అది తెగాల్సిన బరువు కాదు. కారణం వాషర్లు: క్యారేజీ కాలు మడ్‌గార్డు తీగకు తగలకుండా నాలుగు వాషర్లు పేర్చి బయటికి జరిపారు. కాలు ఫ్రేముకు ఆనుకుని ఉంటే బోల్టు మీద పడేది కోత బలమే. అలా దూరం జరిపితే బోల్టు ఒంగుతూ లేస్తూ ఉంటుంది, పైన చెప్పిన స్పోకు కథే. మడ్‌గార్డు తీగను వంచి, కాలును ఫ్రేముకు ఆనించి, పొడుగు బోల్టు వేసి అవతల వైపు నైలాన్ నట్టు బిగించాం. గొలుసు వైపు మాత్రం బోల్టు కొన చిన్న పళ్ళచక్రం మీది గొలుసుకు తగలకుండా చూసుకోవాలి. ఆ వైపు నట్టుకు చోటుండదు, మరలు అంటించే జిగురు వాడాలి.

తూకం ఒక సైకిలుకు: టెంటులో వాటాతో కలిపి పడక సామాను 3.6 కిలోలు, పక్క సంచులు 1.9, పనిముట్లు, విడి భాగాలు 1.6, బట్టలు 2.2, తిండి 1.5, దీపాలు, పవర్ బ్యాంకు, వైర్లు 0.8, మందులు 0.4. మొత్తం 12. నీళ్ళు నాలుగు లీటర్లతో 16. బరువైనవన్నీ సంచి అడుగున, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. పైన కట్టిన టెంటు ఊగితే హ్యాండిల్ వణుకుతుంది.

పొయ్యి తీసేశాం. గ్యాస్ డబ్బాలు, స్పిరిట్, కిరసనాయిలు రైల్లో తీసుకెళ్ళకూడదు, దిగిన చోట దొరుకుతాయన్న భరోసా లేదు. అసలు ఈ తీరంలో పొయ్యి అవసరమే తక్కువ. పొద్దున్నే ఇడ్లీ బండి లేని ఊరు ఉండదు, రాత్రికి ముందే చెబితే చేపల పులుసుతో అన్నం పెట్టే ఇళ్ళుంటాయి. సంచిలో అటుకులు, బెల్లం, వేయించిన వేరుసెనగలు, ఖర్జూరం, ఓఆర్ఎస్ పొట్లాలు పది. మధ్యాహ్నానికి పులిహోర పొట్లం కట్టించుకుంటే సాయంత్రం దాకా పాడవదు.

డిసెంబరు మొదటి వారం – ఇసుకలో టెంటు

మామూలు మేకులు ఇసుకలో నిలవవు. ఆరంగుళాల మేకు కొట్టి వేలితో లాగినా వచ్చేస్తుంది. పొడుగు మేకులు, వెడల్పు మేకులు, ఏటవాలుగా కొట్టడం అన్నీ చూశాం. పట్టింది ఒక్కటే, పాతిపెట్టే సంచి. చిన్న గోనె గుడ్డ సంచిలో రెండు మూడు కిలోల ఇసుక నింపి, మూతి కట్టి, టెంటు తాడు దానికి ముడివేసి, మోచేతి లోతు గోతిలో పెట్టి, ఇసుక కప్పి కాలితో తొక్కాలి. పొడి ఇసుక పట్టు ఇవ్వదు. తడి తగిలేదాకా తవ్వి పెడితే ఇద్దరు కలిసి లాగినా కదలదు. ఒక టెంటుకు ఆరు సంచులు. ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ కలిపి గుప్పెడు బరువు. గాలి తక్కువ ఉన్న రోజు నాలుగు చాలు.

పొద్దుటికి టెంటు లోపల నీళ్ళు కారాయి. వాన లేదు. డిసెంబరు మంచు బయట, మనుషుల ఊపిరి లోపల. రెండు వైపులా గాలి కిటికీలు జానెడు తెరిచి ఉంచితే సగానికి పైగా తగ్గింది. మిగతాది కింద పరిచిన పట్టా తప్పు. పట్టా టెంటు అంచులకన్నా బయటికి వచ్చింది, పై గుడ్డ మీది మంచు దానిమీద పడి అడుక్కు పారింది. పట్టాను చుట్టూ నాలుగు వేళ్ళు లోపలికి మడిచాం, సమస్య పోయింది.

జిప్పులకు కొవ్వొత్తి మైనం రుద్దాలి. ఉప్పూ ఇసుకా కలిసి పళ్ళలో చేరితే మూడో రోజుకు బిగుసుకుపోతుంది, బలవంతంగా లాగితే జారే ముక్క వెడల్పయి పళ్ళు కలవవు. అలా అయితే పటకారుతో దాన్ని ఇటూ అటూ సుతారంగా నొక్కాలి.

టెంటు ఎక్కడ వేయాలన్నది ముందే రాసుకున్నాం. అలలు తెచ్చిన నాచు, గవ్వలు, చెత్త గీత కట్టి ఉంటుంది, అది పోటు వచ్చి ఆగిన చోటు. దానికి కనీసం 50 అడుగులు వెనక. పున్నమి, అమావాస్యలకు ఇంకా వెనక్కి. కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ వద్దు, కాయే కాదు ఎండు మట్ట పడినా టెంటు పోతుంది. సరుగుడు తోట మంచిది. పడవలు లాగే బాటలో, వలలు ఆరబెట్టే చోట వేయకూడదు, వేట పడవలు తెల్లవారకముందే కదులుతాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి, సముద్రం వైపు తెల్ల దీపం వేయకూడదు. తల దీపానికి ఎర్ర కాగితం అతికించాం.

ఈ తీరంలో క్యాంపు గ్రౌండ్లంటూ లేవు. ఊరు చేరగానే సచివాలయంలోనో గ్రామపెద్దల దగ్గరో చెప్పి, ఆధార్ నకలు ఇచ్చి, చోటు అడగాలి. చెప్పకుండా చీకట్లో ఒడ్డున టెంటు కనబడితే ఊరు కంగారు పడుతుంది, మెరైన్ పోలీసులకు కబురు పోతుంది. వాన పడితే తుఫాను షెల్టరు వరండా అడగొచ్చు. కాదనడం అరుదు.

డిసెంబరు రెండో వారం – రైలు

సైకిళ్ళు పార్సిల్ ఆఫీసులో బ్రేక్‌వ్యాన్‌కు (రైల్లో సామాను పెట్టెకు) బుక్ చేయాలి. ఇచ్ఛాపురంలో బండి ఆగేది కాసేపే, సామాను దించేలోపు కదిలిపోవచ్చు. అందుకని పెద్ద స్టేషనైన బరంపురానికి బుక్ చేసి, అక్కడినుంచి వెనక్కి పాతిక కిలోమీటర్లు తొక్కడమే నయం. పెడళ్ళు ఊడదీసి (ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోవద్దు), హ్యాండిల్ పక్కకు తిప్పి, వెనక గేర్లు మార్చే డీరైలర్‌ను విప్పి ఫ్రేము లోపలికి కట్టాలి. విప్పకపోతే మూటల మధ్య దాన్ని ఫ్రేముకు తగిలించిన చోటు వంగుతుంది, తర్వాత గేరు ఎంత సరిచేసినా స్పోకుల్లోకి దూకుతుంది.

1, 2 రోజులు – బరంపురం, బారువ, భావనపాడు

మొదటి రోజు 60 పైచిలుకు. ఇచ్ఛాపురం దాటాక కవిటి, సోంపేట మీదుగా ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో దారి, ఈ టూరులో ఇంత చల్లటి రోడ్డు మళ్ళీ రాదు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. శుద్ధి చేసిన నీళ్ళు మాత్రమే నింపుకోవాలి, దాహం వేయకముందే తాగాలి. ప్రతి పెద్ద ఊళ్ళో నీళ్ళ ప్లాంటు ఉంటుంది, బొండాలు సరేసరి.

బారువ ఒడ్డున తొలి పంక్చర్లు, ఒకే రోజు మూడు. పల్లేరు కాయలు. కాయకు ఎటు పడ్డా ఒక ముల్లు పైకి నిలుస్తుంది, అది టైరులో విరిగి ఉండిపోతుంది. ట్యూబు మార్చేసి మళ్ళీ ఎక్కిస్తే అదే ముల్లు మళ్ళీ దిగుతుంది. టైరు లోపల వేలితో కాదు, దూది ఉండతో తడమాలి. ముల్లు కొన దూదిని పట్టేస్తుంది. పట్టుకారుతో బయటినుంచి లాగాలి. పొలం గట్టు మీదనుంచి సైకిల్ నడిపించకుండా భుజాన వేసుకుంటే సగం పంక్చర్లు తగ్గుతాయి.

రెండో రోజు పలాస జీడిపప్పు ఊరు, తర్వాత నౌపడ ఉప్పు మళ్ళు. పక్కనే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉంటాయి, గంట ఆగాల్సిందే. ఉప్పు మళ్ళ గట్లమీద గాలిలోనే ఉప్పుంటుంది. రాత్రి భావనపాడులో గొలుసు చూస్తే లింకుల పక్కన నారింజ రంగు మరకలు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఒకే క్రమం: మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవడం, పొడి గుడ్డ, లింకు లింకుకు ఒక్క చుక్క నూనె, పావుగంట ఆగి పైన కనబడే నూనెంతా తుడిచేయడం. పైన నూనె మిగిలితే ఇసుక దానికి అంటుకుని ఉప్పుకాగితంలా పళ్ళను అరగదీస్తుంది. నూనె పని లింకు లోపల.

3, 4 రోజులు – కళింగపట్నం, చింతపల్లి

టెక్కలి నుంచి నరసన్నపేట దాకా హైవే. ఇక్కడి పంక్చర్లు వేరు, లారీ టైర్లు పగిలి రాలిన వెంట్రుకంత ఉక్కు తీగలు. రోడ్డు అంచు తెల్ల గీత బయట పేరుకుంటాయి. గీత మీదే తొక్కాలి, మరీ అంచుకు పోకూడదు. ఎదురు దిశలో మోటార్‌సైకిళ్ళు వస్తాయి, పగలు కూడా ముందు దీపం వెలగాలి.

మడపాం దగ్గర వంశధార దాటి గార వైపు దిగితే శాలిహుండం కొండ, బౌద్ధ స్తూపాలు, ఆ పైనుంచి వంశధార మొగ దాకా కనిపిస్తుంది. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర రాత్రి. మర్నాడు శ్రీకూర్మం, శ్రీకాకుళం, మళ్ళీ హైవే, పూసపాటిరేగ దగ్గర ఎడమకు చింతపల్లి. 75 దాకా అయింది.

ఒక సైకిలుకు వెనక చక్రం ఎడమ వైపు స్పోకు తెగింది. వంపులోనే. ఎడమవైపువి వదులు కదా, అలసిపోయేది అవే ముందు. రెండో వైపు కాబట్టి ఫ్రీవీల్ తీయకుండానే పావుగంటలో మారింది. మారుస్తూ పక్క స్పోకులు మీటి చూస్తే ఇంకో రెండు మొద్దుగా మోగాయి, అరచుట్టు బిగించాం. ఆ చక్రానికి 60 కి.మీ. తర్వాత చేయాల్సిన సారి వదిలేశారు, డైరీలో దాని ఎదురుగా గుర్తు లేదు. గుర్తున్న చక్రం చివరిదాకా నిలబడింది.

5, 6 రోజులు – భీమిలి, విశాఖ

నాతవలసలో చంపావతి, తగరపువలసలో గోస్తని దాటి భీమిలి. ఎర్రమట్టి దిబ్బల్లోకి సైకిల్ తీసుకెళ్ళొద్దు. వేల ఏళ్ళుగా గాలి, వాన మలచిన ఇసుక అది, చక్రం గాటు పడితే తర్వాతి వానకు కాలవ అవుతుంది. దూరంగా పెట్టి నడిచి చూడాలి. దారిలో నేవీ స్థలాల దగ్గర కెమెరా లోపలే ఉంచాలి.

బీచ్ రోడ్డు పాతిక ముప్పై కిలోమీటర్లే, ఈ తీరంలో కొండ నేరుగా సముద్రంలోకి దిగే చోట్లలో ఇదొకటి. మంగమారిపేట, తొట్లకొండ, రుషికొండ, తెన్నేటి పార్కు. పొద్దున ఆరుకు ముందే ఎక్కితే ఎండా ఉండదు, కార్లూ ఉండవు. దిగుడుల్లో బ్రేకులు కీచుమన్నాయి. రబ్బరు కట్టల్లో ఇసుక రేణువులు, అల్యూమినియం పొట్టు ఇరుక్కుని రిమ్మును గీస్తున్నాయి. సూదితో తవ్వి తీసి, గరుకు కాగితంతో పై పొర గీకితే నెమ్మదించింది. కీచు వినగానే తీయాలి, వదిలేస్తే రిమ్ము గోడ పలచబడుతుంది.

విశాఖలో ఒక పూట మరమ్మతు. కొత్తగా 12 అంగుళాలుండే గొలుసు ముక్క ఇప్పుడూ సరిగ్గా 12 కొలిచింది, అరిగి సాగలేదు. గేరు కేబుళ్ళ చివర్లు తుప్పు, రెండూ మార్చాం.

7, 8 రోజులు – రేవుపోలవరం, ఉప్పాడ

గాజువాక నుంచి లంకెలపాలెం, అచ్యుతాపురం దాకా లారీల దారి, మొత్తం టూరులో ఇష్టంలేని ముక్క ఇదే. తెల్లవారుజామున ఐదుకు బయల్దేరితే ఎనిమిదికల్లా దాటొచ్చు. ఎలమంచిలి తర్వాత ఊపిరాడుతుంది. ఏటికొప్పాక దగ్గర్లోనే. లక్క బొమ్మలు అంకుడు కర్రవి, తేలికగా ఉంటాయి, 16 కిలోల మీద ఇంకో 100 గ్రాములు మోయొచ్చు.

తాండవ దాటి తుని, తొండంగి మీదుగా ఉప్పాడ. ఇక్కడ ముందే పోటు వేళలు చూసుకోవాలి. కాకినాడ–ఉప్పాడ రోడ్డును సముద్రం ఏటేటా కొరుకుతూనే ఉంది. పోటు మీద గాలి తోడైతే అలలు రక్షణకు వేసిన రాళ్ళను రోడ్డు మీదికి విసురుతాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, నిన్నటి వేళను నమ్ముకుంటే తప్పుతుంది. పాటులోనే దాటాం. అయినా తడి రోడ్డు మీంచి చిమ్మిన నీళ్ళన్నీ ఉప్పునీళ్ళే, కాకినాడ చేరగానే రెండు బకెట్ల మంచినీళ్ళు. గొట్టంతో ఒత్తిడిగా కొట్టకూడదు, నీళ్ళు హబ్బు గోళీల్లోకి పోయి గ్రీజు కొట్టుకుపోతుంది. మగ్గుతో పైనుంచి పోయాలి.

9, 10, 11 రోజులు – కోరింగ, యానాం, కోనసీమ

కోరింగ మడ అడవి చెక్క బాట మీద సైకిళ్ళు వద్దు, గేటు దగ్గర తాళం వేసి నడవాలి. దోమలు సాయంత్రం ఐదుకే మొదలు. యానాం నుంచి బాలయోగి వారధి మీద గౌతమి దాటేటప్పుడు పక్కగాలి కొడుతుంది, పక్క సంచులు తెరచాపల్లా పట్టుకుంటాయి. వంతెన మీద లారీ దాటిపోయిన క్షణంలో గాలి ఆగి మళ్ళీ కొట్టినప్పుడు సైకిల్ రోడ్డు మధ్యకు ఊగుతుంది. హ్యాండిల్ వదులుగా కాక, రెండు చేతులా పట్టుకుని తలవంచి తొక్కాలి.

వంతెన లెక్క ఎందుకు ముందు వేయాలో ఓడలరేవులో కళ్ళకు కడుతుంది. అమలాపురం నుంచి దిగితే వైనతేయ మొగ, అవతలి గట్టున కరవాక చెట్లు కూడా కనబడతాయి. సైకిల్ మాత్రం వెనక్కి బోడసకుర్రు దాకా పోయి పాశర్లపూడి వైపు దాటాలి. ఈ ఒక్క మలుపుకే దాదాపు సగం రోజు. కాలవ గట్ల రోడ్లు సన్నవి, ధాన్యం ఆరబోసి ఉంటారు, దిగి నడిపించడం మర్యాద. రాజోలు, మలికిపురం, అంతర్వేది. మాఘంలో భీష్మ ఏకాదశి కల్యాణోత్సవం రోజుల్లో అయితే ఇక్కడ టెంటుకు చోటు దొరకదు.

12వ రోజు – పంటు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేముందు సంచులు విప్పేయాలి. నీళ్ళు తగ్గితే ఎక్కే బల్ల నిటారుగా ఉంటుంది, దాని అంచు పాకుడు పట్టి జారుతుంది, 16 కిలోలు వెనక ఉన్న సైకిల్ ముందు చక్రం లేస్తుంది. ఖాళీ సైకిల్ ముందు, సంచులు తర్వాత. లోపల గొలుసు వైపు గోడకు ఆనించకూడదు. పంటు ఆగిపోతే దిండి–చించినాడ వంతెన ఉంది, చుట్టు తిరగాలి. నర్సాపురం చివరి స్టేషను కాబట్టి సైకిళ్ళు ఎక్కించడానికి తీరిక ఉంటుంది.

జనవరి మొదటి వారం – విప్పి చూసిన లెక్క

పంక్చర్లు రెండు సైకిళ్ళకు కలిపి 11: పల్లేరు 6, ఉక్కు తీగ 4, పాము కాటు 1. స్పోకు 1. కేబుళ్ళు 2. ముందు హబ్బు గ్రీజు పసుపుగానే ఉంది. పెడల్ ఇరుసు దగ్గరి బేరింగు విప్పితే గ్రీజు నల్లగా, వేళ్ళ మధ్య రుద్దితే ఇసుక తగులుతోంది, గోళీల మీద సన్నటి గీతలు. గిన్నెలు బాగున్నాయి, గోళీలు మార్చి కొత్త గ్రీజు నింపాం. సీటు గొట్టం ఫ్రేములో అతుక్కోలేదు, బయల్దేరే ముందు రాసిన గ్రీజు పనిచేసింది. టెంటు జిప్పుకు మైనం మూడుసార్లు పట్టింది. పాతిపెట్టే సంచుల్లో రెండు కుట్లు ఊడాయి, నైలాన్ దారంతో కుడుతున్నాం.